నోరు విప్పినవాళ్ళ లెక్క

ఫిబ్రవరి 9

వదినా,

ముందే చెప్తున్నాను, ఈ ఉత్తరం చదివి ఫోన్ చెయ్యకు. ఫోన్లో మనిద్దరికీ మూడో మాటకే తగువు. నువ్వు అరుస్తావు, నేను పెట్టేస్తాను, మధ్యలో అన్నయ్య నలిగిపోతాడు. ఉత్తరమైతే నీ తిట్లు కూడా తీరిగ్గా కూర్చుని చదువుకోవచ్చు.

మొన్న ‘అసమానత’ మీద ఒక సదస్సుకి వెళ్ళొచ్చాను. పెద్ద హోటల్లో పెట్టారు. పేదవాళ్ళ గొంతు ఎవరికీ ఎందుకు వినపడటం లేదని మేమంతా పొద్దుటినుంచీ తెగ బాధపడిపోతుంటే, గోడవారన కాఫీ ట్రే పట్టుకుని నిలబడ్డ ఒకామె కళ్ళు తిరిగి పడిపోయింది. మా పరిశోధన సంస్థ డైరెక్టరున్నాడే, ఏ పుస్తకమూ మొదటి పేజీ దాటి చదవడు, అందుకే వెనకాల అందరం సారాంశంగారు అంటాం, ఆయన ఆమె కాళ్ళు దాటుకుంటూ వెళ్ళి కాఫీ తెచ్చుకున్నాడు. వచ్చి కూర్చుని, “ఎక్కడిదాకా వచ్చాం?” అన్నాడు. ఆ రోజు భోజనం చెయ్యలేదు. లేచి వెళ్ళి ఆమెకి నీళ్ళు పట్టించినదాన్ని నేనే, కానీ తర్వాత తిరిగొచ్చి నా కుర్చీలో కూర్చున్నదాన్ని కూడా నేనే అనుకో.

నా ఉద్యోగం ఏంటో ఇప్పటికీ అర్థం కాలేదంటావుగా. మీటింగులకి ఎవరొస్తారు, ఎవరు రారు, వచ్చినవాళ్ళలో ఎవరు మాట్లాడతారు, ఎవరు వెనక వరసలో కూర్చుని నోరు మూసుకుని వెళ్ళిపోతారు, ఇదే నా పని. జుట్టు నెరిసేదాకా దీన్నే పట్టుకున్నాను. తేలిందల్లా ఒకటే. డబ్బూ చదువూ ఉన్నవాళ్ళు తమ తరఫునా మాట్లాడతారు, మీ తరఫునా వాళ్ళే మాట్లాడేస్తారు. అందుకని ఒక కొలత తయారుచేశాను. ఎంతమంది వచ్చారు, ఆడవాళ్ళెంతమంది, ఎవరికి నష్టమో వాళ్ళెంతమంది, ఎవరెన్నిసార్లు నోరు విప్పారు అని లెక్కకట్టే కొలత. మీ ఊరి మునిసిపల్ ఆఫీసు దాన్ని ఒప్పుకుంది వదినా! ఇకమీదట ఆసుపత్రిగానీ బడిగానీ మరేదైనాగానీ మూయాలంటే మీటింగులు పెట్టాల్సిందే. జనం వచ్చి మాట్లాడారని నా కొలతలో తేలితేనే నిర్ణయం తీసుకోవాలి. తేలకపోతే ఏడాది ఆగాలి. జనాన్ని పిలవకుండా గదిలో కూర్చుని సంతకాలు పెట్టుకునే రోజులు పోయాయి.

మీ వార్డు ఆసుపత్రి మూసేస్తారని నోటీసు అంటించారని రాశావు. అన్నయ్య డయాలసిస్ అక్కడే అని గుండె జారిపోయింది నాకు. అయినా భయపడకు. ప్రతి మీటింగుకీ వెళ్ళు, పదిమందినీ లాక్కెళ్ళు, మాట్లాడు. మీ వార్డు లెక్క మాత్రం నేను చూడను. సొంతవాళ్ళున్నారని సారాంశంగారికి ముందే చెప్పేశాను. ఆయన ఈగని తోలినట్టు చెయ్యి ఊపాడు.

అన్నయ్యకి ఉప్పు తగ్గించావా?

నీ మాట ఎప్పుడూ జవదాటని,
మరదలు


ఫిబ్రవరి 21

నా మాట జవదాటని మరదలికి,

అబ్బో! నా మాట నువ్వెప్పుడు విన్నావే తల్లీ? వినేదానివైతే ఈపాటికి ఏదో బ్యాంకులో కూర్చుని హాయిగా ఉండేదానివి. జనం నోళ్ళు లెక్కపెట్టే ఉద్యోగం కూడా ఒక ఉద్యోగమే? మీ అన్నయ్యకి చదివి వినిపిస్తే నవ్వాడు. ఆయన నవ్వడమంటే ఏంటో నీకు తెలుసుగా, మీసం కొంచెం కదులుతుంది, అంతే.

నువ్వు చెప్పావని మీటింగుకి వెళ్ళాను. బడి హాల్లో పెట్టారు. మాకు పిల్లల కుర్చీలు వేశారు, మోకాళ్ళు వచ్చి గడ్డానికి తగులుతున్నాయి. వేదిక మీద వాళ్ళకి మాత్రం మెత్తవి. షాపుకి తాళం వేసి, కుట్టాల్సిన యూనిఫారాలు అలాగే పడేసి, మా మేడమీద వాళ్ళనీ ఎదురింటావిడనీ బతిమాలి తీసుకెళ్ళాను. “వెళ్తే ఏమొస్తుంది?” అన్నారు. “మా మరదలు పెద్ద చదువు చదివింది, వెళ్ళమంది, నోరు మూసుకుని రండి” అన్నాను.

లేచి నిలబడి గట్టిగానే అడిగాను. “మా ఆయన వారానికి మూడుసార్లు ఆ మెషిను మీద పడుకుంటేనే బతుకుతాడు. ఇప్పుడు నడిచి వెళ్ళొస్తున్నాడు. దీన్ని మీరు మూసేస్తే రెండు బస్సులు మారి ఊరికి ఆ చివరికి వెళ్ళాలి. మెషిను మీదనుంచి లేచాక ఆయన నిలబడలేడు. బస్సులో సీటు నువ్విస్తావా?” అన్నాను. వేదిక మీదాయన నావైపు చూసి, “మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదాలు” అన్నాడు. నా వెనక పెద్ద నర్సమ్మ లేచింది. ఆసుపత్రిలో పడకలు ఏనాడూ ఖాళీ ఉండవని చెప్పింది. “ధన్యవాదాలు.” ఎదురింటావిడ ఏడ్చింది. ఏడ్చినదానికి కూడా ధన్యవాదాలే! ఆయనకి మా వీధిలో అదే పేరు పడిపోయింది, ధన్యవాదాలాయన.

మూలన మీ ఆఫీసు నుంచి వచ్చినావిడ ఒకతి కూర్చుంది. ఒళ్ళో పలక లాంటిది పెట్టుకుని, ఎవరు నోరు తెరిస్తే అప్పుడు బొత్తాం నొక్కుతుంది. నేనేం చెప్తున్నానో వినట్లేదు, చెప్తున్నానా లేదా అని మాత్రం చూస్తోంది. నాకేదోలా అనిపించింది. నీ మనిషి కదా అని ఊరుకున్నాను.

ఉప్పు తగ్గించాను. ఆయన తినడం తగ్గించాడు.

మీ వదిన


మార్చి 6

వదినా,

చూడనన్నాను గానీ కళ్ళు మూసుకుని ఆఫీసులో తిరగలేనుగా! వార్డులన్నిటి లెక్కలూ గోడకి అంటించారు. మీ వార్డుదే పైన. అన్నిటికన్నా పైన! నీ ఒక్కదాని నోరే సగం మార్కులు తెచ్చిపెట్టి ఉంటుంది. నీ అరుపులకి ఫోన్ పెట్టేసినన్నిసార్లూ ఇప్పుడు క్షమాపణ చెప్పుకుంటున్నాను.

ఈ కొలత తయారుచేసేటప్పుడు అందరూ నవ్వారు నన్ను చూసి. కుట్టుపనివాళ్ళూ నర్సులూ షాపు మూసుకుని మీటింగులకొస్తారా అన్నారు. వచ్చారు చూడండి అని ఆ గోడ ముందు నిలబడి గట్టిగా అనాలనిపించింది. అనలేదు. సారాంశంగారు అప్పటికే అక్కడ నిలబడి, “ఈ వార్డువాళ్ళు బాగా పలుకుతున్నారే” అంటున్నాడు. పలుకుతున్నారట! చిలకలమ్ముకునేవాడి మాట అది. ఒళ్ళు మండిపోయింది.

ఇంకో ముచ్చట. మా దగ్గర ఒక కొత్త విభాగం పెడతారట, ఇదంతా సవ్యంగా నడిస్తే దానికి నన్ను పెద్దని చేస్తారట. సారాంశంగారు చెవిలో చెప్పాడు. ఆయన నోటి వాసనకి సంతోషం కూడా సగం చచ్చింది అనుకో.

మీరు మాత్రం ఆపకండి. రెండో మీటింగుకి ఇంకా ఎక్కువమంది వెళ్ళండి. నువ్వు అడిగిన బస్సు సీటు ప్రశ్న ఎక్కడో ఒకచోట రాసే ఉంటారు. ఎవరో ఒకరు చదువుతారు. చదవకుండా ఎలా ఉంటారు?

నీ మరదలు


మార్చి 15

బంగారు మరదలికి,

నీ ఉత్తరం రాగానే షాపు ముందు నిలబడి అందరికీ చదివి వినిపించాను. గెలిచాం అంటే గెలిచాం అని ఎగిరారు. నేనే స్వీట్లు తెప్పించి పంచాను. పెద్ద నర్సమ్మ నన్ను కావలించుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆసుపత్రిలో మెషిను మీద పడుకున్నవాళ్ళందరికీ తనే వెళ్ళి చెప్పింది, ఇక మూయరు, మన వార్డే ఫస్టు అని. మీ అన్నయ్య పక్క మంచం మీద పడుకునే ముసలాయన ఉన్నాడు చూడు, అందరిమీదా చిర్రుబుర్రులాడుతుంటాడే, ఆయన కూడా లేచి కూర్చున్నాడట.

రెండో మీటింగుకి హాలు పట్టలేదు. పిల్లల కుర్చీలు చాలక కింద కూర్చున్నాం. చెమట వాసన, ఫ్యాన్లు తిరగవు. ఒక్కొక్కళ్ళం రెండేసిసార్లు, మూడేసిసార్లు లేచి మాట్లాడాం. చెప్పిందే మళ్ళీ చెప్పాం. నేనైతే చివర్లో విషయమేమీ మిగలక వేదిక మీద పెట్టిన పూలకుండీ బాగుందని కూడా చెప్పాను, బొత్తాం పడుతుందిగా అని. మీ ఆఫీసావిడ వేళ్ళు నొప్పి పుట్టి ఉంటాయి. ధన్యవాదాలాయన మాత్రం చల్లగా ఉన్నాడు. మేం తిడుతున్నకొద్దీ ముఖం వెలిగిపోతోంది ఆయనకి. అదేంటో నాకు బోధపడలేదు. తిట్లు తిని సంతోషించే ఆఫీసరుని మొదటిసారి చూశాను.

నీ పెద్దరికం సంగతి విని చాలా ఆనందించాం. మా మార్కులు ఎక్కువైతే నీకూ మంచిదన్నమాట. ముందే చెప్పొచ్చుగా పిచ్చిదానా! ఆఖరి మీటింగుకి చుట్టుపక్కల నాలుగు వీధులూ తోలుకొస్తాను చూడు.

మీ వదిన


మార్చి 27

వదినా,

ఈ ఉత్తరం షాపు ముందు నిలబడి చదవకు. లోపలికి వెళ్ళి తలుపేసుకుని చదువు.

మీరు గెలవలేదు. మీ మార్కులు ఎక్కువయ్యాయి కాబట్టే మీ ఆసుపత్రి మూసేస్తున్నారు. వార్డువాళ్ళు వచ్చారు, మాట్లాడారు, పద్ధతి పూర్తయింది, ఇక నిర్ణయం తీసుకోవచ్చు అని కాగితం తయారైపోయింది. ఆఖరి మీటింగు ఒక్కటే మిగిలింది. మీరేం మాట్లాడారో ఎవడూ చదవలేదు. నేను వెళ్ళి అడిగాను. ఒక్క మాట కూడా రాసుకోలేదు వదినా. ఎన్నిసార్లు నోరు విప్పారో అంతే. వద్దన్నా ఒక లెక్కే, కావాలన్నా ఒక లెక్కే, పూలకుండీ బాగుందన్నా ఒక లెక్కే. తిడితే ఇంకా మంచిదట. ‘భిన్నాభిప్రాయం వ్యక్తమైంది’ అని అదనపు మార్కు. అందుకే ఆయన ముఖం అలా వెలిగింది.

ఏం మాట్లాడారో తూచడం పరిశోధకుల పని కాదు, మాట్లాడనిచ్చారా లేదా అన్నదే చూడాలి అని నేనే రాశాను. మీ మాటల్ని మాలాంటివాళ్ళు మా ఇష్టమొచ్చినట్టు మార్చి చెప్పకూడదని రాశాను. అది పట్టుకుని వీళ్ళు చేసింది ఇది.

ఇంకా రోత పుట్టించే సంగతి విను. కొండమీద బంగళాల వార్డు ఉంది. అక్కడ ఈతకొలను మూస్తామని మీటింగు పెట్టారు. ఒక్కడంటే ఒక్కడు రాలేదు. మనవాళ్ళే నయం, వాళ్ళకి బాధ్యత లేదు అని నేను నవ్వుకున్నాను కూడా. వాళ్ళలో ఒక లాయరు రూలు చదివాడట. ఎవరూ రాకపోతే కొలతలో తేలదు, తేలకపోతే ఏడాది మూయడానికి లేదు. ఇంటింటికీ ఫోన్ చేసి వెళ్ళొద్దని చెప్పుకున్నారు. వాళ్ళ కొలను నీళ్ళు అలాగే ఉన్నాయి. మీరు చెమటలు కక్కి అరిచినందుకు మీ మెషిన్లు పోతున్నాయి. సారాంశంగారితో చెప్తే, “ఆసక్తికరంగా ఉంది, దీనిమీద ఒక వ్యాసం రాయి” అన్నాడు. ఆ గదిలోంచి బయటికి వచ్చి చేతులు కడుక్కున్నాను. ఎందుకు కడుక్కున్నానో నాకే తెలీదు.

ఒక్కటే దారి. ఆఖరి మీటింగుకి ఎవ్వరూ వెళ్ళకండి.

నీ మరదలు


ఏప్రిల్ 4

మరదలికి,

చదివాను. తలుపేసుకునే చదివాను.

వెళ్ళమన్నదానివీ నువ్వే, వద్దన్నదానివీ నువ్వే. నీ నోటికి అదుపుందా? ఈ వీధివాళ్ళ ముందు నేనేం ముఖం పెట్టుకుని తిరగాలి? స్వీట్లు పంచాను నేను. ముసలాయన్ని లేపి కూర్చోబెట్టాను.

అసలు నువ్వు ఎవరి మనిషివి? జీతం ఎవరిస్తున్నారు నీకు? మా నోళ్ళు లెక్కపెట్టి నువ్వు పెద్దదానివి అవుతావని నువ్వే రాశావు. ఇప్పుడు మేం నోళ్ళు మూసుకుంటే నీకింకేదో వస్తుందేమో, ఎవరికి తెలుసు? మీ ఆఫీసువాళ్ళకి మా గోల ఎక్కువైందేమో, నీచేత రాయించారేమో అని ఎదురింటావిడ అంది. నేను దాన్ని తిట్టాను. తిట్టి లోపలికొచ్చి నేనూ అదే అనుకున్నాను.

నిన్ను నమ్ముకుని ఉన్నవాళ్ళ సంగతి ఒకటి తెలుసుకో. పుట్టినప్పటినుంచీ మమ్మల్ని రావద్దన్నవాళ్ళనే చూశాం. ఆఫీసులకి వెళ్తే రావద్దు, పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే రావద్దు, రేపు రా, ఎల్లుండి రా. ఇన్నాళ్ళకి ఒక హాల్లో కూర్చుని ఒకడి ముఖం మీద అడిగాం. నాకు ఎంత బాగుందో తెలుసా? అది కూడా రావద్దంటావా నువ్వు? నువ్వు వద్దన్నా నేను ఆగను. వెళ్తాను.

నీ అన్నయ్య బాగానే ఉన్నాడు. అడగలేదు కాబట్టి చెప్తున్నాను.

వదిన


ఏప్రిల్ 10

వదినా,

తిట్టు. నువ్వు తిట్టకపోతే నాకు ఇంకా అసహ్యంగా ఉండేది. ఆ పెద్దరికం నాకొద్దని సారాంశంగారికి కాగితం ఇచ్చేశాను. నువ్వు నమ్మాలని ఇవ్వలేదు, అది తలుచుకుంటే వాంతి వస్తోంది, అందుకు ఇచ్చాను. కొలత మీద నా పేరు తీసెయ్యమన్నాను. పేరు తీస్తాం, కొలత ఉంటుంది అన్నాడు.

లోపలి సంగతి మొత్తం చెప్తున్నాను, తర్వాత నీ ఇష్టం. గుమ్మం దాటి హాల్లోకి అడుగు పెడితేనే వచ్చినట్టు. లోపల నోరు విప్పితేనే మాట్లాడినట్టు. ఆఖరి మీటింగుకి ఇంకో షరతుంది. నష్టపోయేవాళ్ళలో, అంటే రోగుల్లో, కనీసం ఒక్కరు లోపలికొచ్చి ఒక్క మాటైనా మాట్లాడాలి. లేకపోతే అంతకుముందు ఎన్ని మార్కులొచ్చినా ఆ మీటింగు జరగనట్టే, ఏడాది ఆగాల్సిందే. రోగి మాట వినకుండా ఆసుపత్రి మూయకూడదని ఆ షరతు నేనే పట్టుబట్టి పెట్టించాను. ఎంత పోట్లాడానో దానికోసం! ఇప్పుడు మన చేతిలో ఉన్నది అదొక్కటే.

నిన్ను రావద్దని చెప్పే హక్కు నాకు లేదు. నువ్వు రాసింది చదివి చాలాసేపు ఏడ్చాను. వెళ్ళాలనిపిస్తే వెళ్ళు. కానీ ఇది తెలిసి వెళ్ళు.

అన్నయ్య ఎలా ఉన్నాడు? అడుగుతున్నాను.

నీ మరదలు


ఏప్రిల్ 20

మా పిచ్చి మరదలికి,

కూర్చున్నావా? కూర్చో. చెప్తా విను, నవ్వి నవ్వి చస్తావు.

నీ మొన్నటి ఉత్తరం నర్సమ్మకి చూపించాను. ఇద్దరం ఆలోచించాం. ఇంట్లో కూర్చోవడం నా వల్ల కాదు, అది ముందే చెప్పాను. అందుకని వెళ్ళాం. నాలుగు వీధులూ వెళ్ళాం. వెళ్ళి గుమ్మం బయట నిలబడ్డాం! ఒక్కళ్ళు లోపల కాలు పెట్టలేదు, ఒక్కళ్ళు పెదవి కదపలేదు. లోపల ఖాళీ పిల్లల కుర్చీలు, వేదిక మీద ధన్యవాదాలాయన, మూలన మీ బొత్తాం ఆవిడ. తలుపులోంచి అలా చూస్తూ నిలబడ్డాం అంతే.

మొదట మైకులో పిలిచాడు. తర్వాత కిందికి దిగొచ్చాడు. “రండమ్మా, లోపలికి రండి, ఎండలో ఎందుకు?” అన్నాడు. మేం ఉలకలేదు, పలకలేదు. “మీ అభిప్రాయం చెప్పండమ్మా, మీ మాటే మాకు ముఖ్యం” అన్నాడు. జన్మలో మాకెవరైనా ఆ మాట చెప్పారా? ఇవాళ చెప్తున్నాడు! కాలరు తడిసిపోయింది. నాముందుకొచ్చి, “మీరు బాగా మాట్లాడతారు కదా, ఒక్క మాట, తిట్టండి పోనీ” అన్నాడు. నాకు లోపల్నుంచి నవ్వు తన్నుకొస్తుంటే కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఎదురింటావిడైతే నన్ను గిల్లిన గిల్లుడికి చెయ్యి ఇప్పటికీ నల్లగా ఉంది. మీటింగు వేళ అయిపోయేదాకా అలాగే నిలబడ్డాం. నేను బతుకులో ఎప్పుడూ అంతసేపు మాట్లాడకుండా లేను, ఆ సంగతి నీకు తెలుసు.

మీ అన్నయ్య కూడా వచ్చాడు. మెషిను మీదనుంచి లేచి తిన్నగా అక్కడికే వచ్చాడు, నేను ఉన్నానుగా అని. వీధిలో అందరికీ మాట్లాడొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పాను, ఆయనకి మాత్రం ప్రత్యేకంగా చెప్పలేదు. ఆయన మాట్లాడతాడని ఎవరనుకుంటారు! పాపం, నిలబడలేక గోడ పట్టుకున్నాడు. ధన్యవాదాలాయన చూసి దగ్గరికొచ్చాడు. మీ అన్నయ్య చిన్నగా, “కాసేపు కూర్చోవచ్చా బాబూ?” అన్నాడు. ఆయన ఎంత మర్యాదగా భుజం పట్టుకుని తీసుకెళ్ళాడో! లోపల ముందు వరసలో, వేదిక మీది మెత్తటి కుర్చీ కిందికి దించి వేయించాడు. మీ అన్నయ్య కూర్చుని, “చాలా ఉపకారం” అన్నాడు. ధూర్తుడైనా మనిషిలో మంచితనం ఎక్కడో ఉంటుందని అనుకున్నాను. అంతే, ఇంకేం మాట్లాడలేదు ఎవ్వరమూ. ఆసుపత్రి గురించి ఒక్క ముక్క ఎత్తలేదు.

ఏడాది ఆగుతారుగా? నీ మీద అనుమానపడ్డందుకు నా చెంపలు నేనే వేసుకున్నాను. వచ్చినప్పుడు నువ్వు కూడా రెండు వెయ్యి. నీకు జాకెట్లు రెండు కుట్టి పెట్టాను, కొలత పాతదే, లావెక్కి ఉంటే నీ ఖర్మ.

ప్రేమతో,
మీ వదిన


మే 5

వదినా,

ఎలా రాయాలో తెలియక ఇన్నాళ్ళు రాయలేదు.

మీటింగు జరిగినట్టే లెక్క కట్టారు. రోగి ఒకరు లోపలికి వచ్చారు, రెండుసార్లు మాట్లాడారు. అంశం: వసతులు. కుర్చీ అడగడం ఒకటి, అది గుమ్మం బయట అడిగినా కలిపేశారు, లోపల ఉపకారం అనడం ఒకటి. నెలాఖరుకి ఆసుపత్రి మూసేస్తారు.

నేను ఆఫీసుకెళ్ళి బల్లలు గుద్ది అరిచాను. కూర్చోవడానికి కుర్చీ అడిగితే అది అభిప్రాయమా అన్నాను. ఏం మాట్లాడారో తూచకూడదని మీరే రాశారు కదండీ అని నా వాక్యం నాకే చదివి వినిపించారు. బొత్తాం నొక్కినావిడ తల ఎత్తలేదు. మునిసిపల్ ఆఫీసుకి అభ్యంతరం రాసి పంపాను. జవాబు వచ్చింది. నా భాగస్వామ్యానికి ధన్యవాదాలట. మీ వార్డు మార్కులు ఇంకొంచెం పెరిగాయి, నా అభ్యంతరం కూడా అందులో కలిపారు. ఛీ! ఇంతకన్నా రోత ఏముంటుంది? ఇన్నేళ్ళ నా చదువు, నా పుస్తకాలు, ఆ సదస్సులు, అన్నీ తలుచుకుంటే నామీద నాకే కంపరంగా ఉంది. ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాను. ఇస్తే ఏమైంది, మెషిన్లు ఆగవా?

రైలు పట్టుకుని వచ్చే వారం వస్తున్నాను. అన్నయ్య వెళ్ళే రోజుల్లో రెండు బస్సులూ నేనే ఎక్కించి దింపుతాను. సీటు ఇవ్వనివాణ్ణి నేను చూసుకుంటాను. అన్నయ్యకి మాత్రం ఈ లెక్క సంగతి చెప్పకు. ఈ ఉత్తరం తన ఎదురుగా చదవకు. నీ కాళ్ళు పట్టుకుంటాను.

మరదలు


మే 9

చెల్లాయికి,

నేను అన్నయ్యని. నా రాత బాగుండదు, ఓపిక చేసుకుని చదువు. ఇదివరకు నీకు నేను ఉత్తరం రాయలేదు, అన్నీ మీ వదినే రాసేది కదా.

మీ వదిన నాకేమీ చెప్పలేదు. ఆసుపత్రి తలుపుకి కాగితం అంటించారు. రోగి మాట్లాడినట్టు అందులో ఉంది. మాట్లాడిన రోగిని నేనొక్కణ్ణే. నర్సమ్మని అడిగితే చెప్పింది. నన్ను ఏమీ అనలేదు. ఎప్పటిలాగే నెమ్మదిగా సూది గుచ్చింది. పక్క మంచం ముసలాయన రెండు బస్సులు తన వల్ల కాదు, ఇక మానేస్తానని అన్నాడు. అటు తిరిగి పడుకున్నాను.

ఆ రోజు కాళ్ళలో సత్తువ లేదమ్మా. కళ్ళు చీకట్లు కమ్మాయి. అందుకే అడిగాను. గోడకి ఆనుకుని కాసేపు ఓర్చుకుంటే పోయేది. ఆ బాబు అంత మర్యాదగా కూర్చోబెడితే ఉపకారం అనకపోతే బాగుండదని అన్నాను. మీ వదిన నా ఎదుట నవ్వుతూనే ఉంది, షాపులో కుట్టు మెషిను ముందు కూర్చుని ఏడుస్తోంది.

నువ్వు ఉద్యోగం మానేశావని కూడా నర్సమ్మే చెప్పింది. అలా చెయ్యాల్సింది కాదు. ఆ ఆఫీసులో నీ మాట వినేవాళ్ళు ఇంకా ఎవరైనా ఉంటే ఒకటి అడిగి పెట్టు. నేను అన్న ఆ రెండు మాటలూ వెనక్కి తీసుకుంటాను, లెక్కలోంచి కొట్టేయమని చెప్పు. కావాలంటే వచ్చి సంతకం పెడతాను. నిలబడే పెడతాను. అక్కడికి వస్తే ఏమీ మాట్లాడను.

అన్నయ్య